ఆపద తీరిన చాటింపు

అనగనగా మణిసాగరమనే రాజ్యం. దానికి రాజు ప్రతాపకేతు. ఏడు సముద్రాల అవతల ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఒకసారి వాడు నిప్పులవాన కురిపించి రేవులోని ఓడలన్నీ కాల్చేశాడు. అప్పుడు రాజు ఏడాదిపాటు ఆపత్కాలమని చాటింపు వేయించాడు. పొద్దుగూకితే దీపం పెట్టకూడదు, కడలిలో వల వేయకూడదు, పెళ్లిలో మేళం మోగకూడదు. ఏడాది తిరగ్గానే మంత్రి గుర్తుచేసేవాడు, రాజు సరేననేవాడు. ఆపత్కాలం ఇంకో ఏడాది సాగేది. అలా ఏళ్లకేళ్లు గడిచాయి.

రాజుకి ముగ్గురు కొడుకులు. మాంత్రికుడి పని పడతానని పెద్దవాడు బయలుదేరి మూడో సముద్రం నుంచి తిరిగొచ్చాడు. నడిమివాడు ఐదో సముద్రం నుంచి తిరిగొచ్చాడు. చిన్నవాడు మణికేతు జాలరిపెద్ద కూతురు నీలవేణిని మనసారా కోరుకున్నాడు. మేళం లేని పెళ్లికి పిల్లనివ్వనని ఆమె తండ్రి అన్నాడు. దాంతో మణికేతు కూడా బయలుదేరాడు.

ఒడ్డున తీగల్లో చిక్కుకున్న ముసలి తాబేలును అతను విడిపించాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. మాంత్రికుడి ప్రాణం రాతిగదిలోని చిలుకలో ఉందని దారిలో చెప్పింది.

మణికేతు పక్షులవైద్యుడినని చెప్పుకుని కోటలోకి వెళ్లాడు. మాంత్రికుడు చిలుకను చూపించాడు. పాపం, దాని ఈకలు రాలిపోతున్నాయి.

"ఎండ తగలకపోతే ఇది బతకదు" అన్నాడు మణికేతు.

మాంత్రికుడు హడలిపోయి పంజరాన్ని స్వయంగా పెరట్లోకి మోసుకొచ్చాడు. రెక్క చూస్తానని మణికేతు తలుపు తీసి చెయ్యి చాచాడు. చిలుక వచ్చి అతని వేలిమీద వాలింది.

"నన్ను చంపకు బాబూ, ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో" అంది.

చంపనని మణికేతు దానికి మాటిచ్చాడు. తన ప్రాణం అతని చేతికి చిక్కిందని తెలిసి మాంత్రికుడు కాళ్లబేరానికొచ్చాడు. మంత్రదండం విరిచి సముద్రంలో పారేశాడు. ఆ క్షణమే వాడి మంత్రాలన్నీ పోయి ఉత్త ముసలివాడై మిగిలాడు.

మణికేతు చిలుకతో ఇల్లు చేరేసరికి మళ్లీ ఏడాది తిరిగింది. జరిగిందంతా విని, కొడుకుని కావలించుకుని రాజు ఆనందంతో ఏడ్చాడు. అయినా, ఎందుకైనా మంచిది, ఈ ఒక్క ఏడాదీ పొడిగిద్దామని మంత్రి అన్నాడు. అలవాటుకొద్దీ రాజు తలూపాడు. చాటింపువాడు డప్పు భుజాన వేసుకున్నాడు.

"నాన్నగారూ, ఇప్పుడు ఆపద ఎవరి నుంచి?" అని అడిగాడు మణికేతు.

ఇక భయపడడానికి ఒక్క పేరూ మిగల్లేదని రాజు గ్రహించాడు. రాజుకి సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఆపద తీరిందని చాటమన్నాడు. ఎన్నడూ అనని మాట కావడంతో చాటింపువాడు రెండుసార్లు తడబడ్డాడు. అయినా ఊరంతటికీ అర్థమైంది. ఆ సాయంత్రం ఇంటింటా దీపాలు వెలిగాయి.

మణికేతుకీ నీలవేణికీ మేళతాళాలతో పెళ్లయింది. చిలుక ఆమె భుజం మీద కూర్చుని జామపండు తిన్నది. తర్వాత మణికేతు రాజై చాలాకాలం ఏలాడు. ఒకసారి దొంగల ఓడలు వస్తే అతనూ ఆపత్కాలం చాటించాడు. అవి వెళ్లిపోయిన రోజే దాన్ని ఎత్తేసి, జనంతో కలిసి కడుపునిండా చేపలపులుసు తిని హాయిగా నిద్రపోయాడు.