ఎర్రరాళ్లు చూపించేవాడు

ఇద్రీస్ విసిగిపోయాడు.

పదకొండేళ్ల కిందట దేవుణ్ణి వెతుక్కుంటూ కమాలుద్దీన్ బాబా దగ్గరికి వచ్చాడు. బాబా సత్రం ఎడారి అంచున ఉండేది. బిడారులు అక్కడ ఒక రోజు ఆగేవి. ఒంటెలు నీళ్లు తాగి పడుకున్నాక బాటసారులకు ఏమీ తోచేది కాదు. దగ్గర్లో ఎర్రరాళ్ల లోయ ఉందని తెలిసి, చూసొద్దామని బయల్దేరేవారు. వాళ్లను తీసుకెళ్లి తీసుకొచ్చే పని బాబా ఇద్రీస్‌కు అప్పగించాడు.

పోను గంట, రాను గంట. "ఇది ఒంటె. ఇది పెళ్లికూతురు. ఆ రెండూ అన్నదమ్ములు" అని రాళ్లు చూపించాలి. ప్రతి బిడారులోనూ ఒకడు, "ఏదీ, ఒంటెకు మూపురమేదీ?" అని నవ్వేవాడు.

మొన్న ఒక బట్టల వ్యాపారి ఇంకో మాటన్నాడు. "ఏం రాళ్ల ఫకీరూ! నీకు దేవుడు కనిపించాడా, ఇంకా ఒంటెలేనా?"

ఆ రాత్రి ఇద్రీస్‌కు అన్నం సయించలేదు. తెల్లారాక బాబా దగ్గరికి వెళ్లాడు.

"బాబా, నన్ను మూల గదిలో కూర్చోనివ్వండి. నలభై రోజులు. జపం తప్ప మరొకటి వద్దు. ఈ రాళ్లు ఇక నా వల్ల కాదు."

బాబా మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"కూర్చో. రేపటి నుంచే కూర్చో. ఆ పని ఇంకొకరికి చెప్తాను. ఇవాళ మాత్రం నన్ను తీసుకెళ్లు. ఇన్నేళ్లుగా ఇక్కడున్నాను, ఎప్పుడూ చూడలేదు."

"మీరా? ఈ మోకాళ్లతోనా?"

"మోకాళ్లు నావి. దారి నీది. ఎండ కాస్త తగ్గాక పోదాం."

గంట దారికి రెండు గంటలు పట్టింది. బాబా పది అడుగులకొకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఇద్రీస్ మాటిమాటికీ సూర్యుడి వంక చూశాడు.

లోయలో రాళ్లు ఎప్పటిలాగే ఇటుకపొడి రంగులో, వేడి కక్కుతూ నిలబడి ఉన్నాయి. ఇద్రీస్ గబగబా ఒంటెను చూపించాడు. పెళ్లికూతుర్ని చూపించాడు. అన్నదమ్ముల్ని చూపించాడు.

"అంతే బాబా. ఇక పోదాం."

"అయిపోయిందా?"

"ఇంతకన్నా ఏముంది? పొద్దు వాలకముందే అందర్నీ వెనక్కి తిప్పేస్తాను. సాయంత్రం జపానికి చేరుకోవాలి కదా."

"పదకొండేళ్లూ అంతేనా?"

"ఒక్కరోజు కూడా జపం తప్పలేదు" అన్నాడు ఇద్రీస్. ఆ గొంతులో గర్వం దాగలేదు.

"మంచిది" అన్నాడు బాబా. "నా నడుం విరిగిపోతోంది నాయనా." ఇసుకలో నీడ చూసుకుని ఒరిగాడు. కాసేపటికి గురక మొదలైంది.

ఇద్రీస్ అటూ ఇటూ తిరిగాడు. దగ్గాడు. "బాబా" అని రెండుసార్లు పిలిచాడు. గురక ఆగలేదు. ముసలాయన్ని ఎడారిలో వదిలి పోలేడు. జపం వేళ దాటిపోతోంది. కోపంగా ఓ రాతిమీద కూలబడ్డాడు.

చేసేందుకు ఏమీ లేదు. చూశాడు.

గాలి ఆగింది. లోయ అడుగు నుంచి నీడ మెల్లగా పైకి ఎక్కుతోంది. నీడ ఎక్కిన కొద్దీ పైన మిగిలిన రాయి ఎర్రబడుతోంది. ఒంటె కాళ్లు పోయాయి. తర్వాత ఒంటే పోయింది. దానికి పేరు లేకుండా పోయింది. ఏ పగుళ్లలోంచో చిన్న పిట్టలు వందలుగా లేచి, చప్పుడు లేకుండా తిరిగి, మళ్లీ రాతిలోకి వెళ్లిపోయాయి. అన్నదమ్ముల తలలు రెండూ లోపల దీపం పెట్టినట్టు వెలుగుతున్నాయి.

బాబా లేచాడు. గడ్డంలో ఇసుక దులుపుకున్నాడు.

"అయ్యో, పొద్దుపోయిందే. లే నాయనా, పోదాం. రేపటి నుంచి నీకీ బాధ లేదు."

ఇద్రీస్ తల తిప్పలేదు.

"కాసేపు కూర్చోండి బాబా" అన్నాడు మెల్లగా. "ఇంకా అవలేదు."

బాబా చెప్పులు విడిచి, పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు మరో బిడారు దిగింది. ఎర్రరాళ్లు చూడబోయిన వాళ్లు దీపాల వేళ దాటాక గాని తిరిగి రాలేదు. వాళ్లకు ముందు ఇద్రీస్ నడుస్తున్నాడు. ఒక్కరూ మాట్లాడటం లేదు.