నలభై గంపల తలలు

మరిడయ్య దగ్గర మొదట ఉన్నది మూడు వరహాలు. వాటితో ఒక గంగాళం, ఒక రోకలి కొన్నాడు. రేవులో చేపలు కోసి పారేసే తలల్ని, ముళ్లని వెంటనే ఉడికించి, ఎండబెట్టి, పొడి కొట్టి అమ్మేవాడు. గంజిలో చెంచాడు కలుపుకుంటే బాలింతలు త్వరగా కోలుకుంటున్నారని పేరొచ్చింది.

అది విని రేవు అధికారి వచ్చాడు. "రేవులో పడ్డదంతా రాజుగారిదే! ఇక తల ముట్టుకున్నావో, కొరడా దెబ్బలే!"

"చిత్తం దొరా. రోజుకు నలభై గంపలు వస్తాయి. దొంగలుంటారు, మీ వాకిట్లోనే పెట్టించుకుని వెంటనే ఉడికించండి."

"నాకు చెప్పొచ్చావా? ముందు తూకం, తర్వాత ముద్ర, ఆపైనే పొయ్యి!"

తూకం ముగిసేసరికే రోజూ పొద్దుగూకేది. మూడో రోజుకు నూట ఇరవై గంపలు ఆయన వాకిట్లో కుళ్లాయి. ఇల్లాలు పుట్టింటికి పోయింది. ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"తీసుకుపోరా నాయనా!"

"అమ్మో, రాజుగారి సొత్తు! ఈ రేవు తలలన్నీ ఇక నావేనని రాసి ముద్ర వేస్తేనే ముట్టుకుంటాను."

ముద్ర పడింది. కుళ్లినవి కొబ్బరి మొక్కలకు ఎరువుగా వేసి, పత్రం నడుముకు దోపుకుని, మరిడయ్య రెండో గంగాళం బేరమాడడానికి కంచరి వీధికి నడిచాడు.