పసుపు ముక్క

సింహాద్రి సంచి సర్దేసుకున్నాడు. దేవరాజు మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకుందామని భీమిలి వచ్చినవాడు, ఇక మన వల్ల కాదనుకుని ఊరికి బయలుదేరాడు.

కారణం మస్తాను. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. మాస్టారి దగ్గర మనుషుల్నీ చెట్లనీ వేయడం ఉండదు. గళ్లూ గీతలూ, ఎరుపూ నీలం పసుపూ, అంతే. ఆ మూడింటితోనే మస్తాను వేస్తే చూడవచ్చినవాళ్లంతా అక్కడే నిలబడిపోయేవాళ్లు. సింహాద్రి బొమ్మ ముందు ఒక్కడు ఆగితే ఒట్టు. కడుపు మండదూ మరి? పైగా మస్తాను మంచివాడు. పాపం, సింహాద్రికి తిట్టుకోవడానికైనా వీల్లేదు.

సెలవు తీసుకుందామని మేడ మీదికెళ్లాడు. మాస్టారు కొత్త బొమ్మ పనిలో ఉన్నారు. రంగు పూసే ముందు ఆయన రంగుకాగితాలు కత్తిరించి, కాన్వాసు మీద గుండుసూదులతో గుచ్చి చూసుకుంటారు. కుదిరేదాకా అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు.

సింహాద్రి తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. మస్తాను పక్కన తాను ఉన్నా లేనట్టేనని, తన వల్ల ఇక్కడ ఎవరికీ ఒరిగేదేమీ లేదని చెప్పాడు.

మాస్టారు కాన్వాసు ముందు నుంచి పక్కకి జరిగారు.

"వెళ్దువుగాని. ముందు ఇందులో అక్కర్లేని ముక్కేదో తీసెయ్" అన్నారు.

సింహాద్రి చూశాడు. పైన కుడివైపు పెద్ద ఎర్ర చదరం, చూపంతా దాని మీదికే పోతోంది. ఎడమవైపు కింద నీలం. మధ్యలో నల్ల గీతలు. కుడివైపు అడుగున, తెల్లటి జాగాని ఆనుకుని సన్నటి పసుపు ముక్క. వెతికితే తప్ప కనబడదు. ఇంకేం ఆలోచిస్తాడు? సూది లాగి దాన్ని తీసేశాడు.

నాలుగడుగులు వెనక్కేసి చూశాడు. ఎర్ర చదరం ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంది. బొమ్మంతా కుడివైపుకి జారిపోతోంది. చూస్తే మిగతా సూదులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

పసుపు తీసిన చోట నీలం ముక్క పెట్టి చూశాడు. ఇంకా అధ్వాన్నం. ఎరుపు పెట్టాడు. ఉన్న కాస్త అందమూ పోయింది. చివరికి ఆ పసుపు ముక్కనే తెచ్చి, ఉన్న చోటే గుచ్చాడు. బొమ్మ మళ్లీ నిలబడింది.

"నీ బస్సు ఎన్నింటికి?" అన్నారు మాస్టారు, చేతిలో కత్తెర ఆపకుండానే.

సింహాద్రి కిందికి వెళ్లి సంచి విప్పాడు. కుంచెలు తీసుకుని, మస్తాను పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు.