లాలి నూకాలమ్మ వెలసిన వైనం

ఫిజీ దీవుల్లో, వైలోమా నది సముద్రాన్ని చేరబోయే చోట, చెరకు తోటలు దాటగానే ఒక పచ్చని కొండ కనిపిస్తుంది. ఆ కొండ నడుమ శ్రీ లాలి నూకాలమ్మ వారు కొలువై ఉన్నారు. రేకుల కప్పు, చెక్క గోడలు ఉన్న చిన్న కోవెల ఇది. అమ్మవారు మూరెడు పొడవున్న నల్లని శిలారూపం. దర్శనానికి వచ్చేవారు నది ఒడ్డున దిగి, మెట్ల దారిన పైకి రావాలి. అదే దారి ఇంకా పైకి సాగి, కొండ నెత్తిన ఉన్న రాతి చర్చి దగ్గర ముగుస్తుంది. కింది ఊరిలో అత్యధికులు క్రైస్తవులు. తెలుగు కుటుంబాలు నలభైకి మించవు.

ఆంధ్రదేశం నుంచి వచ్చే యాత్రికులు అమ్మవారి పేరు విని, జోలపాటకు సంబంధించినదేమో అనుకుంటారు. ఈ దీవుల భాషలో లాలి అంటే దుంగను తొట్టిలా తొలిచి చేసిన పెద్ద డోలు. చర్చికి జనాన్ని పిలవడానికి దాన్ని మోగిస్తారు. ఆ పేరు అమ్మవారికి ఎలా వచ్చిందో పెద్దల నోట విన్నట్లుగా ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ, తెల్లదొరల ఏలుబడిలో, చెరకు తోటల పనికి విశాఖ మండలం నుంచి కూలీలను ఓడల మీద తెచ్చేవారు. అలా వచ్చినవారిలో ఎర్నమ్మ ఒకతె. భర్త ఓడలోనే జ్వరంతో పోయాడు. ఆమె ఒంటరిగా ఐదేళ్ళ ఒప్పందం పూర్తిచేసి, తోటివారితో కలిసి నది ఒడ్డున పాక వేసుకుంది. ఆ నేల దీవివాసులది. వారు రాతు అని పిలుచుకునే పెద్ద ఇసికేలీ దయతలచి వీరిని ఉండనిచ్చాడు.

ఒకనాడు మధ్యాహ్నం చెరకు కోత ఆపి నీడన కునుకు తీసిన ఎర్నమ్మకు స్వప్నంలో పసుపు పూసుకున్న ముసలమ్మ కనిపించింది.

"ఏటే ఎర్నమ్మా, నువ్వేమో గట్టు మీద పాకేసుకున్నావు. నన్ను నీళ్ళల్లో ఒగ్గేసినావేటి?" అని అడిగింది.

ఎర్నమ్మ లేచి నదిలోకి దిగి, మోకాటి లోతు నీటిలో వెతికింది. నల్లని రాయి ఒకటి చేతికి తగిలింది. దాని మీద రెండు కళ్ళ వంటి తెల్లని చారలున్నాయి. తన ఊరి నూకాలమ్మే వచ్చిందని ఎర్నమ్మ పోల్చుకుంది. ఊరు విడిచాక ఆమె ఏడవడం అదే మొదటిసారి అంటారు.

అమ్మవారిని ఎత్తైన చోట నిలపాలని ఎర్నమ్మ తలచింది. దీవివాసుల మర్యాద ప్రకారం వారు పానీయం చేసుకునే యంగోనా మొక్క వేళ్ళ కట్ట కానుకగా తీసుకువెళ్ళి రాతు ముందు పెట్టి, కొండ మీద జానెడు చోటు అడిగింది. రాతు చర్చి పాస్టరు అపెనీసాను పిలిపించి సలహా కోరాడు. ఆయన నెమ్మదస్తుడే కానీ ఒప్పుకోలేదు. తన తాతల కాలంలో ఈ జనం రాళ్ళను మొక్కడం మాని ప్రభువును నమ్ముకున్నారనీ, మళ్ళీ ఒక రాతిని కొండ ఎక్కిస్తే వారి మనసులు చెదురుతాయనీ చెప్పాడు. రాతు చోటు ఇవ్వలేనన్నట్లు యంగోనా కట్టను తిరిగి ఇచ్చేశాడు. ఎర్నమ్మ ఎదురుచెప్పకుండా వెనుదిరిగి, అమ్మవారిని తన పాకలోనే ఉంచుకుంది.

రెండేళ్ళ తర్వాత, ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య దగ్గరపడగా, పెద్ద తుపాను వచ్చింది. ఉదయానికే నది గట్టు తెగింది. వానకు పది అడుగుల దూరంలో మనిషి కనబడడం లేదు. చర్చి వరండాలో నిలిచి అపెనీసా లాలి మోగిస్తూ ఉన్నాడు. ఆ మోత వినబడే దిక్కుకు తెలుగువారూ, దీవివాసులూ ప్రాకుతూ కొండ ఎక్కారు. చర్చి తలుపులు అందరికీ తెరిచారు.

ఎర్నమ్మ చీర చెంగులో అమ్మవారిని చుట్టుకుని వచ్చి గడప ముందు ఆగిపోయింది. అందరూ రమ్మంటున్నా ఆమె కదలలేదు. వద్దన్న చోటికి అమ్మను తీసుకురావడం తప్పనీ, అమ్మను వానలో వదిలి తాను లోపలికి రావడం ఇంకా పెద్ద తప్పనీ ఆమె బాధ.

అపెనీసా మోత ఆపి ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఈ గుడిలో నా ప్రభువు పేరు ఒక్కటే పలుకుతాం. ఆమెను లోపలికి తెమ్మని నేను అనలేను. వానలో వదలమనీ అనలేను" అన్నాడు. తర్వాత తన ముందున్న లాలిని చూపించాడు. ఎర్నమ్మ ఆ దుంగ తొట్టిలో అమ్మవారిని పడుకోబెట్టింది.

అపెనీసా చేతిలోని కర్రలు కింద పెట్టేశాడు. ఒకరు తల్లిగా కొలిచే రూపం మీద దెబ్బ వేయడానికి ఆయనకు చేతులు రాలేదు. అప్పటికి ఒడ్డున ఇంకా తొమ్మిదిమంది ఉండిపోయారు. ఎర్నమ్మ ఆ కర్రలు తీసి ఆయన చేతికిచ్చింది.

"కొట్టు బాబూ. పిల్లలు దారి తప్పుతుంటే ఏ తల్లికి నిద్దర పడతాది?"

ఆయన మోగించాడు. లాలి గొంతు అంతకుముందు లేనంత గంభీరంగా మారి, గాలిని చీల్చుకుని నది అవతలి దాకా వినబడిందట. చీకటి పడకముందే ఆ తొమ్మిదిమందీ కొండ చేరుకున్నారు. అమ్మవారే గొంతు కలిపారని మన పెద్దలు చెబుతారు. ప్రభువు కృప అని చర్చివారు చెబుతారు. ఈ విషయమై ఇక్కడ ఎవరూ ఎవరితోనూ వాదించరు.

నీరు తీసిన తర్వాత అపెనీసా తానే యంగోనా కట్ట పట్టుకుని రాతు దగ్గరకు వెళ్ళాడు. తాను ఆ రాతికి మొక్కననీ, తన బోధ మారదనీ ముందే చెప్పి, "మొక్కేవారిని ఆపే హక్కు మాత్రం నాకు లేదు. ఆమెకు చోటివ్వండి" అని కోరాడు. రాతు కొండ నడుమ ఈ స్థలాన్ని ఇచ్చాడు. ఎర్నమ్మ బతికినంతకాలం తానే పూజారిణిగా అమ్మవారిని సేవించింది. అపెనీసా ఎన్నడూ కోవెలలోకి అడుగుపెట్టలేదు. ఆమె మరణించిన రోజున మాత్రం పాడె వెంట నదిదాకా నడిచి, ఒడ్డున తలవంచి తన ప్రార్థన తాను చేసుకున్నాడు.

కాలక్రమంలో ఆ లాలి పగుళ్ళు తీసి మోగడం మానేసింది. చర్చివారు కొత్తది చేయించుకుని పాతదాన్ని అమ్మవారికి ఇచ్చారు. నేటికీ కొత్త అమావాస్య జాతర నాడు కొండ మీది చర్చి లాలి మూడుసార్లు మోగిన తర్వాతే ఇక్కడ డప్పు అందుకుంటారు. క్రిస్మస్ ఆరాధన జరిగేంతసేపు కోవెల గంట కొట్టరు.

బిడ్డ పుట్టిన నెలలోపు తెచ్చి పాత లాలి తొట్టిలో కాసేపు పడుకోబెడితే, ఆ బిడ్డ ఎంత దూరదేశం పోయినా నిలువనీడ దొరుకుతుందని నమ్మకం. తెలుగు తల్లులతోపాటు కింది ఊరి క్రైస్తవ తల్లులు కూడా వస్తారు. వారు హారతి తీసుకోరు, బొట్టు పెట్టించుకోరు. బిడ్డను తొట్టిలో ఉంచి, కళ్ళు మూసుకుని మెల్లగా ఏదో పలుకుతారు. ఎవరి పేరు పలికారని పూజారి అడగరు. బిడ్డను ఎత్తి తల్లి చేతికిచ్చి, మెట్లు తడిగా ఉన్నాయి, జాగ్రత్తగా దిగమ్మా అని మాత్రం చెబుతారు.