నెహెమ్యా కట్టిన క్రిస్మస్ పాట

మీ పిల్లలు చెవుల్లో పెట్టుకుని వినే పాటల్లో ఒక్కటంటే ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా, మీరెప్పుడైనా విన్నారా? తిట్టడానికి ముందు విన్నారా అని అడుగుతున్నాను.

నెహెమ్యా వినలేదు. రేపల్లెలో ఆర్టీసీ కండక్టరు అతను. చర్చిలో సండే స్కూలు బాధ్యతంతా అతనిదే. కూతురు కెజియా ఇంటర్ మొదటి సంవత్సరం. ఒకరోజు పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోను తీసి, అందులోని సినిమా పాటలన్నీ తుడిచేశాడు. వాటి చోట ఆరాధన పాటలు నింపి, ఫోను ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఇల్లు ఊడ్చినంత తేలిగ్గా చేశాడా పని.

కెజియా పోట్లాడలేదు. ఏడవలేదు. పాడటం మానేసింది, అంతే.

చర్చి క్వయర్‌లో అందరికంటే ముందు వినిపించే గొంతు ఆమెది. ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థనలో పాట ఎత్తుకునేదీ ఆమే. ఇప్పుడు నెహెమ్యా ఎత్తుకుంటే భార్య సన్నగా అందుకుంటోంది. కూతురు బైబిలు ఒళ్ళో పెట్టుకుని గోడ చూస్తోంది. ఈ క్రిస్మస్‌కి తాను పాడనని క్వయర్ వాళ్ళకి కబురు కూడా పంపింది. ఇంక ఆ గొంతు ఇంట్లో వినపడదేమోనని నెహెమ్యాకి గుబులు పట్టుకుంది.

తనకి చిన్నప్పుడు హార్మోనియం నేర్పిన వజ్రమ్మ టీచరు దగ్గరికి వెళ్ళాడు. క్వయర్‌ని ఇప్పటికీ నడిపించేది ఆవిడే.

"వందనాలు అమ్మగారూ. మీరైనా మా పిల్లకి చెప్పండి. లోకసంబంధమైన పాటలు వద్దన్నందుకు దేవుడి పాటలు కూడా మానేసింది."

"వద్దన్నావా?" ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు.

"అంటే... తీసేశాను."

"ఏం పాటలవి?"

"సినిమా పాటలండీ."

"అది సరేరా. ఏం పాటలు?"

"అన్నీ ఒకటేగా అమ్మగారూ. నేను వాటి జోలికే పోను."

వెంటనే మాట మార్చాడు. మాట మార్చడంలో మన నాన్నలకి సాటి ఎవరూ లేరు. సండే స్కూలు పిల్లల కోసం కొత్తగా ఒక క్రిస్మస్ పాట కట్టానన్నాడు. పశువుల పాక, గొర్రెల కాపరులు, చుక్క, మాటలన్నీ తనవే. ట్యూను మాత్రం, మొన్న పెళ్ళి ఊరేగింపు వెనక బస్సు ఇరుక్కుపోయినప్పుడు బ్యాండువాళ్ళు వాయిస్తుంటే పట్టుకున్నాడు. పండగనాడు సంఘమంతటి ముందూ పిల్లల చేత పాడించాలని అతని ఆశ. బల్ల మీద దరువేస్తూ పాడి వినిపించాడు.

టీచరు కదలకుండా విన్నారు.

"మాటలు బాగున్నాయి. శనివారం ప్రాక్టీసుకొచ్చి పిల్లల ముందు పాడు. కెజియాని కూడా తీసుకురా. పాడక్కర్లేదు, ఊరికే కూర్చోమను."

శనివారం చర్చి పక్క గదిలో పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. కెజియా వెనక కిటికీ దగ్గర నిలబడింది. టీచరు హార్మోనియం అందుకున్నారు. నెహెమ్యా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

పాట రెండో లైనుకి పిల్లలు మూతులకి చేతులడ్డం పెట్టుకున్నారు. మూడో లైనుకి భుజాలు ఎగరేశారు. పశువుల పాక దగ్గరికొచ్చేసరికి అందరూ గొంతు కలిపారు. కాకపోతే వాళ్ళు పాడేవి నెహెమ్యా మాటలు కావు. ఆ మాటలు చెవినపడి అతను మధ్యలోనే ఆగిపోయాడు. నలుగురిలో అనలేని మాటలవి.

టీచరు హార్మోనియం ఆపి, పిల్లల్ని కాసేపు బయట ఆడుకోమన్నారు.

"ఏం పాటది?" నెహెమ్యా ఎవరి మొహమూ చూడకుండా అడిగాడు.

కిటికీ దగ్గర నుంచి కెజియా జవాబిచ్చింది. పాటలు తుడిచేసిన నాటి నుంచి ఆమె తండ్రితో తిన్నగా అన్న మొదటి మాట అదే.

"ఐటెం సాంగ్ నాన్నా. బార్‌లో డాన్సు."

"నీ ఫోనులో ఉండేదా?"

"మా క్లాసులో అందరి దగ్గరా ఉంది. అందులో ఆడపిల్లల గురించి సరుకు గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. నచ్చక ఎప్పుడో తీసేశాను. నువ్వు నా ఫోను ముట్టుకోకముందే."

నెహెమ్యా మొహం మాడిపోయింది. టీచరు వైపు తిరిగాడు.

"ఈ పాట మీకు ముందే తెలుసా అమ్మగారూ?"

"మా పక్కింటి కుర్రాడు పొద్దున్నే పెట్టేది ఇదే. తెలుసు."

"మరి నాకొక మాట చెప్పొచ్చుగా. పిల్లలందరి ముందూ ఇలా..."

"నువ్వు దానికి చెప్పి తీసేశావా?"

నెహెమ్యా చాప మీద కూలబడ్డాడు.

టీచరు కెజియాని దగ్గరికి పిలిచారు. "మీ నాన్న తీసేసిన వాటిలో ఒకటి పాడమ్మా."

"ఇక్కడా టీచర్? సినిమా పాట?"

"నా ముందు పాడలేని పాటైతే వినడం మాత్రం ఎందుకు?"

కెజియా కాసేపు ఆలోచించింది. అందరు పిల్లల్లా ఆమె కూడా, టీచరు ముందు పాడదగ్గవేవో లోపల లెక్క చూసుకుని ఉంటుంది. తరవాత పాడింది. హాస్టల్లో ఉన్న పిల్ల, అమ్మ కలిపి పెట్టే ముద్దని తలుచుకునే పాట. నెహెమ్యా తల వంచుకుని విన్నాడు. ఆ గొంతు ఎన్నాళ్ళకి విన్నాడో. రెండో చరణంలో ఒకచోట ఆమె మాటలు వదిలేసి, ఊరికే కూనిరాగం తీసి, మళ్ళీ మాటలు అందుకుంది.

పాట అయ్యాక అడిగాడు. "అక్కడ మాటల్లేవా?"

"ఉన్నాయి. తాగితే బాధ తగ్గుద్దని రాశారు. అది నాకు నచ్చదు, దాటేస్తా."

"నాకూ నచ్చదు. ఎందుకో నీకు తెలుసు, తాగుడుకి మీ బాబాయి ఎలా అయిపోయాడో చూశావుగా." ఆగి, మెల్లగా అన్నాడు. "మిగతాది బాగుంది."

"విన్నావు కాబట్టి ఇప్పుడు ఎంతైనా చెప్పుకోరా," అన్నారు టీచరు, హార్మోనియం మూత వేస్తూ.

కెజియా గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగింది. "క్రిస్మస్‌కి పాడతాను నాన్నా. నీ మాటలే పాడతా. ట్యూను సంగతి మాత్రం నాకొదిలేయ్."

నెహెమ్యా లేవలేదు.

"ఇంకో పాట ఏదైనా ఉందా?" అని అడిగాడు.

ఇవాళ ఇంటికి వెళ్ళాక మీరూ ఆ మాటే అడగండి. పిల్లల పక్కన కూర్చుని, ఒక పాట వినిపించమనండి. అది పూర్తయ్యేదాకా నోరు తెరవకండి. ఆ తరవాత, నచ్చనిది నచ్చలేదని వాళ్ళ మొహం చూసి చెప్పండి.