దాలమ్మ వేసిన ఆకులు

అప్పుడెప్పుడో, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి చివర గుడిసెలో దాలమ్మ ఉండేది. తుంగ కోసుకొచ్చి, ఎండబెట్టి, చాపలు అల్లేది. చాప ఇచ్చి గింజలు తెచ్చుకునేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు.

ఒక ఏడు గత్తర జబ్బొచ్చింది. పై ఊళ్ళ జనం సగం మంది పోయారు, మిగిలినవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఒక గుంటడు ఒక్కడే ఏడుస్తూ వచ్చి దాలమ్మ గుమ్మంలో కూలబడ్డాడు.

"ఎవరి బిడ్డో, ఏటో! నీకెందుకే?" అన్నారు ఇరుగుపొరుగు.

"ఆకలేస్తోందట. ముందు తిననీండి" అంది దాలమ్మ.

వాడికి పోలయ్య అని పేరు పెట్టుకుంది.

ఇంకో ఏడు తుఫానొచ్చింది. అలలు తగ్గాక చూస్తే, ఒక ఆడగుంట విరిగిన తెప్ప చెక్కను కరుచుకుని ఒడ్డున పడి ఉంది.

"ఎవరి బిడ్డో, ఏటో! ఉన్నవాడికే నీకు గింజలు చాలవు గదే" అన్నారు ఇరుగుపొరుగు.

"ఆకలేస్తోందట. ముందు తిననీండి" అంది దాలమ్మ.

ఆ పిల్ల బంగారి.

ఇంకో ఏడు కరువొచ్చింది. ఒక తల్లి చంటివాణ్ణి చంకనేసుకుని, నడిచి నడిచి, దాలమ్మ వాకిట్లోకి వచ్చింది. పిల్లాణ్ణి దాలమ్మ చేతుల్లో పెట్టి పడుకుంది. మరి లేవలేదు. ఈసారి ఇరుగుపొరుగు నోరు విప్పకముందే దాలమ్మ అంబలి కుండ దించింది.

వాడు అసిరయ్య.

ఆ ఊళ్ళో ఏటేటా పెద్దల అమావాస్యకి ఇంటింటా వండుకునేవారు. పోయినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో ఆకు వేసి, పేరుపేరునా పిలిచి, పెట్టుకునేవారు. దాలమ్మ కూడా మొగుడికి ఒక ఆకు వేసేది. పిల్లలు కొంచెం ఎదిగాక, ఒక ఏడు పోలయ్య అడిగాడు.

"అమ్మా, మాకు పెద్దలు లేరా?"

దాలమ్మ గరిట పక్కన పెట్టింది.

"మీ అయ్య పేరేటిరా?"

"అయ్యే."

"మరి మీ అమ్మ పేరు?"

"అమ్మే."

బంగారికి ఒక్కటే గుర్తుంది. వాళ్ళ అయ్య తనని పిచికా అని పిలిచేవాడట. అసిరయ్యకి అదీ లేదు. వాడు బిక్కమొహం వేశాడు. దాలమ్మ వాణ్ణి దగ్గరకు లాక్కుంది.

"నీకు గుర్తు లేకపోతేనేం? నాను చూశాను గదా. కాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నా నిన్ను కింద దించలేదు. చేతులు వణుకుతున్నా నిన్ను జారనివ్వలేదు. అదిరా మీ అమ్మంటే."

ఆ రోజు దాలమ్మ మొగుడి ఆకు పక్కన మరో మూడు ఆకులు వేసింది. ఒక్కోదాంట్లో ఒక్కో ముద్ద పెట్టింది. చేతులు జోడించింది.

"మీ పేరు తెలీదు, మీ ఊరు తెలీదు. మీ బిడ్డలు నా ఇంట్లో ఉన్నారు. ఏ పుణ్యం చేశానో, నాకిచ్చి వెళ్ళారు. రండి, తినండి, చల్లగా వెళ్ళండి."

ఏటేటా అలాగే పెట్టేది. ఏటేటా అదే మాట చెప్పేది.

అలా ఉండగా ఒక ఏడు ఊళ్ళో జ్వరాలు తగిలాయి. ఇంటికొకరు మంచం పట్టారు. అప్పుడు ఊరి చూపు దాలమ్మ మీద పడింది.

"పేరు లేనివాళ్ళని పిలుస్తోంది. పిలిస్తే ఎవరొస్తారో, వచ్చినవాళ్ళు పోతారో లేదో!" అన్నారు.

పెద్దల అమావాస్య నాడు ఊరి పెద్ద సింహాద్రి నాయుడు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికే దాలమ్మ నాలుగు ఆకులూ పరిచింది.

"మొగుడి ఆకు ఉంచుకో. ఆ మూడూ తీసెయ్" అన్నాడు. "లేదంటే పిల్లల్ని తీసుకుని ఊరు వదిలి పో."

దాలమ్మ పిల్లల వంక చూసింది. ఉన్న గుడిసె పోతే ఆ ముగ్గురితో ఎక్కడికి పోతుంది? అయినా ఆకుల మీద చెయ్యి వెయ్యలేదు.

"బాబూ, వీళ్ళు దెయ్యాలు కారు. నా గుంటల తల్లులూ తండ్రులూ. బిడ్డ తిన్నాడో లేదో చూసుకోడానికి వస్తారు. వాళ్ళనెలా పొమ్మంటాను?"

నాయుడు మళ్ళీ ఏదో అనబోయాడు. ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఆయన పెళ్ళాం సన్యాసమ్మ వచ్చింది. వచ్చి, ఆ ఆకుల ముందు చతికిలబడింది.

సన్యాసమ్మకి ఒక్కడే కొడుకు, అప్పలసూరి. ఓడెక్కి దూరదేశం పనికి పోయాడు. ఏళ్ళు గడిచాయి. మనిషి రాలేదు, కబురూ రాలేదు.

"దాలమ్మా, మా వాడికి ఇంట్లో ఆకు వెయ్యలేకపోతున్నానే. వేస్తే పోయాడని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. వెయ్యకపోతే, నిజంగా పోయుంటే, ఆకలితో తిరుగుతాడేమో. ఆ దేశంలో వాడి పేరు ఎవరికి తెలుసు? ఎవరైనా ఒక ముద్ద పెట్టుంటారంటావా?"

దాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పెట్టే ఉంటారమ్మా. అక్కడ మాత్రం నాలాంటిది ఒకతె ఉండదా? బతికుంటే కంచంలో పెట్టుంటుంది. లేకపోతే ఆకులో పెట్టుంటుంది."

సన్యాసమ్మ గొల్లుమంది. అన్నేళ్ళూ ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. సింహాద్రి నాయుడు తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. కాసేపటికి నాయుడు దాలమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తల్లీ, ఇంకో ఆకుందా?"

"మీ అబ్బాయికా బాబూ?"

"మా వాడికి కాదు. ఏ ఊరి బిడ్డో మన ఒడ్డున పోయుంటాడు గదా, వాడికి. వాడి తల్లి కూడా ఇలాగే ఏడుస్తుంటుంది."

ఆయనే ఆకు పరిచాడు. ఆయనే ముద్ద పెట్టాడు. జ్వరాలు వచ్చినట్టే పోయాయి. అప్పలసూరి మాత్రం రాలేదు. కానీ సన్యాసమ్మ మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టింది.

ఏళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం చాప అల్లుతూ అల్లుతూ దాలమ్మ దాని మీదకే ఒరిగిపోయింది. పాడెకి ఒక భుజం పోలయ్యది. ఒక భుజం అసిరయ్యది. ఒక భుజం బంగారిది. ఆడపిల్ల పాడె మొయ్యడమేంటని ఎవరూ అనలేదు. ఎందుకంటే నాలుగో భుజం సింహాద్రి నాయుడిది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పెద్దల అమావాస్యకి ప్రతి ఇంట్లో తమవాళ్ళ ఆకులన్నీ అయ్యాక, పేరు పిలవకుండా ఒక ఆకు వేస్తారు. దాన్ని దాలమ్మ ఆకు అంటారు. దిక్కులేనివాడు అనే మాట ఆ ఊరివాళ్ళ నోట రాదు. దారి తప్పి వచ్చిన బిడ్డ కనిపిస్తే, "ఎవరి పిల్లాడు?" అని ఒకరు అడుగుతారు. "దాలమ్మోళ్ళ పిల్లాడు" అని ఇంకొకరు లోపలికి తీసుకుపోతారు. అలా చేరి చేరి, ఈనాడు ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి ఇంటిపేరు అదే.

మాదీ అదే. మా తాతకి తాత ఎక్కడ పుట్టాడో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయన్ని చేరదీసిన ఆవిడ పేరు మాత్రం మాట వచ్చిన ప్రతి బిడ్డకీ ముందుగా నేర్పుతాం.