సున్నా మోస్తున్న గోడ

“మొదటి అంతస్తు వాళ్ళు గుండెల మీద చేతులేసుకుని నిద్రపోండి. ఆ గోడలో మేకు కూడా దిగనివ్వను. ఇది నా మాట.”

గృహప్రవేశాల నాడు మైకు పుచ్చుకుని బిల్డరు రంగనాయకులు అన్న మాట ఇది. విన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండేళ్ళు తిరక్కముందే ఆ గోడలో మేకు కాదు, రంపమే దిగింది. మాట ఇవ్వడానికి మైకు కావాలి. తప్పడానికి ఏమీ అక్కర్లేదు.

విశాఖలో సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఉన్న తొమ్మిదంతస్తుల భవనం అది. కింద రెండు హాళ్ళు, రెండింటి మధ్య పునాది నుంచి పైకప్పు దాకా ఒకే కాంక్రీటు గోడ. ఆ రెండు హాళ్ళనూ కలిపి బట్టల దుకాణానికి ఇవ్వాలని రంగనాయకులికి బుద్ధి పుట్టింది. కలపాలంటే గోడలో పెద్ద ద్వారం కొయ్యాలి. గోడ దండగని ఆయన, గోడే తమ ప్రాణమని పైన కాపురాలున్నవాళ్ళు. తేల్చి చెప్పమని ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఇంజనీరు మా ఉమాపతి.

మా ఉమాపతి అనడం ఎందుకంటే, అతనూ నేనూ అప్పలస్వామి మాస్టారి శిష్యులం. మాస్టారు ఏళ్ళ తరబడి కాలేజీలో కట్టడాల లెక్కలు చెప్పి, ఇప్పుడు తమ ఇంటి ముందుగదిలో మాలాంటి వాళ్ళను కూర్చోబెట్టుకుని పని నేర్పుతున్నారు. ఆయనకు ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. జవాబు ఎక్కడుంటే అక్కడికి నడిపిస్తారు.

ఆ ఉదయం ఉమాపతి అడిగాడు.

“మాస్టారూ, నేను బిల్డరు వైపు లేను. కాపురమున్నవాళ్ళ వైపూ లేను. లెక్క వైపు ఉన్నాను. వాళ్ళు నన్ను అమ్ముడుపోయావంటున్నారు. మధ్యలో నిలబడటం కూడా తప్పేనా?”

నాకు జవాబు నాలుక చివరనే ఉంది. మధ్యలో నిలబడినవాడు బలవంతుడి నీడలో నిలబడతాడు. తటస్థత అనేది మౌనంగా వేసిన ఓటు. ఇలాంటివి నాకు చాలా వచ్చు. అన్నీ నిజమేనని ఇప్పటికీ నమ్ముతాను. నోరు తెరిచేలోగా మాస్టారు నా వైపు ఒక చూపు చూశారు. మూసుకున్నాను.

“లెక్క ఏమంటోంది?” అని ఆయన ఉమాపతిని అడిగారు.

“గోడ ఏమీ మోయడం లేదంటోంది. కింది అంతస్తులో గోడకు అడ్డంగా కోత పెట్టి, ఆ కోత దాటి ఎంత బలం దిగుతోందో కంప్యూటరుని అడిగాను. సున్నా అంది. భవనం సొంత బరువుకు సున్నా. తుఫాను గాలికీ సున్నా.”

ఈ కోత రంపం కోసేది కాదు. భవనాన్ని కంప్యూటరులో చిన్న చిన్న ముక్కలుగా అల్లుకుంటాం. ఏ ముక్క మీద ఎంత బలముందో అది విడివిడిగా చెబుతుంది. గోడ మొత్తంగా ఎంత మోస్తోందో తెలియాలంటే మాత్రం ఒకచోట ఊహలో కోయాలి. కోత దగ్గరి ముక్కలను గుంపుగా చూపిస్తే, అవి అక్కడ మోపే బలాలన్నీ కలిపి ఒక్క ఫలిత బలంగా తెర మీద పెడుతుంది. ఉమాపతి గుంపు చూపించాడు. తెర సున్నా చూపించింది.

ఆ సున్నా కింద అతను ఇంకా సంతకం పెట్టలేదు. ఫోనులో మాత్రం చెప్పాడు. రంగనాయకులికి అదే చాలింది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. బయట కళ్ళు బైర్లు కమ్మే ఎండ. హాల్లో మాత్రం సాయంత్రంలా మసక. పనివాళ్ళ అలికిడి లేదు. కాపలా మనిషి తన కుర్చీని గేటు అవతలికి లాక్కుని రోడ్డు పక్కన కూర్చున్నాడు.

“లోపలికి రావయ్యా, దీపం వెయ్యి,” అన్నాను.

“నాన్రాను బాబూ. ఆ గోడ కరిచీసింది. రంపాన్ని కరిచి పట్టీసుకుంది. కుర్రోళ్ళు మిషను విప్పుకుని పోనారు. చక్రం దాని నోట్లోనే ఒగ్గీసినారు.”

నవ్వాను. లోపలికి వెళ్ళాక నవ్వు ఆగిపోయింది.

గోడకు నిలువునా రెండు కోతలు పడ్డాయి. వాటిని కలుపుతూ పైన అడ్డంగా కోస్తుండగా పని ఆగింది. ఆ అడ్డకోతలో పళ్ళెమంత ఇనుప చక్రం సగం లోపల, సగం బయట నిలిచి ఉంది. దాన్ని పట్టుకున్న యంత్రమూ లేదు, మనిషీ లేడు.

మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి ఉమాపతి చేతికిచ్చారు.

“లాగు.”

ఉమాపతి తువ్వాలు చుట్టి లాగాడు. పాదం గోడకు తన్నిపెట్టి లాగాడు. నేనూ చెయ్యి వేశాను. చక్రం కదల్లేదు.

“సున్నాయే కదరా,” అన్నారు మాస్టారు. “లాగు.”

అప్పుడు సముద్రం మీంచి గాలి లేచింది. హాల్లో మాకు తగల్లేదు. ఎక్కడో పై అంతస్తులకు తగిలింది. మా చేతుల కింద చక్రం సన్నగా మూలగడం మొదలుపెట్టింది, సీసాలో పడ్డ తుమ్మెదలా. గాలి హెచ్చేకొద్దీ ఆ మూలుగు పైకి పోయింది. గాలి తగ్గింది, మూలుగు ఆగింది, చక్రం వెంట్రుకవాసి వదులైనట్టు అనిపించింది. ఉమాపతి ఆశగా గుంజాడు. మళ్ళీ గాలి. మళ్ళీ బిగిసింది. ఊపిరి తీసుకుంటూ, వదులుతూ, ఆ గోడ మా ఇద్దరి చేతులనూ పట్టి చూస్తున్నట్టుంది. చెయ్యి తీసేశానని నాకు తెలియకుండానే తీసేశాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మొదటి అంతస్తులో సరిగ్గా ఆ గోడను ఆనుకునే వంటిల్లున్న అచ్చియ్యమ్మ గారు దిగి వచ్చారు. ఒంటరి మనిషి.

“ఇంజినీరు బాబులేనా? ఏ బాబు సున్నా బాబు?”

ఉమాపతి తల దించుకున్నాడు.

“నువ్వా నాయినా. కోత మొదలెట్టిన కాణ్ణించి మా వంటింటి తలుపు మూసుకోట్లేదు. గాలొస్తే చాలు, అలమరలో గిన్నెలు ఒకదాంతో ఒకటి గుసగుసలాడుకుంటన్నాయి. మా ముసలాయన పోయాక ఇంట్లో మాటల్లేవని ఏడిసేదాన్ని. ఇప్పుడు మాటలకి లోటు లేదు. ఏటంటన్నాయో నీ మిషనుకి తెలుస్తాదేమో అడుగు.”

మాస్టారు సిమెంటు బస్తాల మీద దుమ్ము దులిపి, సంచీలోని కంప్యూటరు తీసి తెరవమని ఉమాపతికి సైగ చేశారు.

“కోత దగ్గర ఏ ముక్కల్ని గుంపులో వేశావు?”

“కోతకు పైన ఉన్నవీ, కింద ఉన్నవీ. సగమే తీసుకుంటే లెక్క సగమే అవుతుందని రెండు వైపులవీ వేశాను.”

“కిందివి తీసెయ్.”

ఉమాపతి వేళ్ళు మీటల మీద ఆగాయి. నేను పక్కనే ఉన్నాను గనుక చూశాను: అతనికి అప్పుడే అర్థమైంది, ఇంకా ఏమీ నొక్కకముందే. పైన ఉన్నది కిందికి ఎంత నొక్కుతుందో, కింద ఉన్నది పైకి అంతే నెడుతుంది. రెండింటినీ కలిపి అడిగితే ఏ గోడైనా సున్నా అనే చెబుతుంది. కొండను మోస్తున్నా చెబుతుంది. అబద్ధం ఆడినట్టు కూడా కాదు.

కిందివి తీసేశాడు. నొక్కాడు.

తొమ్మిదంతస్తుల బరువులో సగానికి సగం తెర మీదికి దిగింది. దాని కింద గాలి బలం, దాని పక్కన గోడను మెలిపెట్టే బలం, వరసగా. మా వెనక చక్రం మళ్ళీ మూలిగింది. ఉమాపతి అంకెను చూడటం మాని గోడను చూశాడు.

అక్కణ్ణుంచే రంగనాయకులికి ఫోను చేశాడు. మాకందరికీ వినబడింది.

“తప్పు నాదండి. గోడే మోస్తోంది. ఇవాళే కింద ఉక్కు ఆనింపు స్తంభాలు పెట్టించండి. పైవాళ్ళకు వేరే బస చూపించండి. కోసింది పూడ్పించాలి.”

“మొన్న సున్నా అన్నావు, ఇవాళ కొండంటున్నావు. రేపేమంటావు, హిమాలయాలంటావా?” అని రంగనాయకులు నవ్వాడు. “దసరాకి షాపు తెరవాలయ్యా. ఆ తర్వాత తీరిగ్గా చూద్దాం.” ఫోను పెట్టేశాడు.

చూద్దాం! ఈ దేశంలో ఎన్ని ఇళ్ళు ఈ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయో ఎవరైనా లెక్క తీశారా?

ఉమాపతి మెట్లెక్కాడు. గోడను ఆనుకుని ఉన్న ప్రతి ఇంటి తలుపూ తట్టాడు. మూడో అంతస్తులో ఒకాయన తలుపు సగమే తీసి, “నీ సున్నాకి బిల్డరు చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు నీ అంకెకి మేం కొట్టాలా? ఎటువైపు నుంచి ఎంత ముట్టిందేం?” అని ముఖం మీదే మూశాడు. ఉమాపతి ఆ మూసిన తలుపుకే తన తప్పు ఏమిటో మొదటి నుంచి చెప్పాడు. చెప్పి, పక్క తలుపు తట్టాడు. కొందరు పిల్లలను తీసుకుని వెంటనే దిగారు. కొందరు గడప దాటలేదు.

అచ్చియ్యమ్మ గారు కదలనన్నారు. “ఎక్కడికెల్తాను నాయినా?”

“మా ఇంటికి,” అన్నాడు ఉమాపతి. “మా అమ్మ ఉంది. గిన్నెలూ ఉన్నాయి, అవి మాట్లాడవు.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, “ఒక్క చీర తెచ్చుకుంటానుండు,” అని వెళ్ళారు. ఆవిడ తిరిగి దిగేదాకా ఉమాపతి పైకి చూస్తూ మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

తర్వాత మాస్టారి దగ్గరికి వచ్చాడు. పొద్దున్న అడిగిన ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఫోను తీసి రంగనాయకులికి, భవనంలో అందరికీ తెలిసేలా, చేయవలసిన పనులన్నీ రాయడం మొదలుపెట్టాడు. చివర తన పేరు పెట్టాడు. ఆ పైన వేలు ఆగింది.

“మాస్టారూ, జవాబుకి గడువెంత ఇవ్వమంటారు?”

మాస్టారు గోడకు చెవి ఆనించి ఉన్నారు. తల తీశాక ఆయన చెంప మీద సిమెంటు దుమ్ము, తుడుచుకోలేదు.

“ఈ గోడ జవాబు చెప్పేలోగా బిల్డరు చెప్పాలి,” అన్నారు. “ఎల్లుండి, సెప్టెంబరు పన్నెండు అని రాయి.”